కవిత పంపడం నుంచి అవార్డు దాకా: కొత్త కవులు తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికలకు ఇప్పుడిప్పుడే పంపుతున్నవాళ్లు, మొదటి సంపుటి వేసే ఆలోచనలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలివి. కవిత ఎలా రాయాలన్నది ఇక్కడ లేదు. రాసింది ఎక్కడికి వెళ్తుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది మాత్రమే ఉంది.

కవిత ఎక్కడికి పంపాలి?

దినపత్రికల్లో సాహిత్యానికి వారానికో పేజీ ఉంటుంది. ఆంధ్రజ్యోతి ‘వివిధ’ సోమవారం వస్తుంది. అచ్చు పత్రికల్లో పాలపిట్ట, కవిసంధ్య, సాహిత్య ప్రస్థానం, అరుణతార లాంటివి ఉన్నాయి. వెబ్‌లో ఈమాట 1998 నుంచి వస్తోంది. సారంగ, కొలిమి, సంచిక, 2019లో మొదలైన నెచ్చెలి కూడా కవిత్వం వేస్తాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత కొన్ని వారపత్రికలు అచ్చు ఆపేశాయి, కొన్ని అనుబంధాలు పేజీలు తగ్గించుకున్నాయి. అందుకని పాత చిరునామాల జాబితా పట్టుకుని పంపకండి. ఆ నెల సంచికలో ఉన్న ఈమెయిల్ చూసి పంపండి.

పంపేముందు ఆ పత్రిక గత నాలుగు సంచికల్లోని కవితలు చదవండి. అరుణతారకు నప్పే కవిత ఈమాటకు నప్పకపోవచ్చు. తిరిగొచ్చిన కవితల్లో కొన్ని బాగాలేక కాదు, చిరునామా తప్పి తిరిగొస్తాయి.

ఏ రూపంలో పంపాలి?

యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే తెలుగులో, టైప్ చేసిన కవితను ఈమెయిల్లోనే అతికించండి, వర్డ్ ఫైలు జతచేయండి. పీడీఎఫ్, ఫోటో, వాట్సాప్ డిజైన్ కార్డు వద్దు. పేజీ పెట్టేవాళ్లు దాన్ని మళ్లీ టైప్ చేయాలి. ఆ పనికి ఎవరికీ తీరిక ఉండదు.

డీటీపీ సెంటర్లలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేయించిన కవితను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చితే ఒకసారి పూర్తిగా చదివి తీరాలి. ‘లాక్‌డౌన్’, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడకుండా పక్క అక్షరానికి వత్తుగా దిగిపోతుంది. ఖాళీ లైన్లు మాయమై పాదాల గుంపులు రెండు ఒకటైపోతాయి. ఇది తప్పని కంప్యూటర్ చెప్పదు, కంటితో పట్టుకోవాల్సిందే.

ఒక ఈమెయిల్‌కు ఒక కవిత, మహా అయితే రెండు. కింద పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు, ‘ఇది నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అనే హామీ. కవిత అర్థం వివరిస్తూ ఉత్తరం రాయొద్దు.

ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఒకేసారి రెండు చోట్లకు పంపొచ్చా?

ఆ పత్రిక గడువు చెబితే అదే లెక్క. చెప్పకపోతే దినపత్రికకు రెండు నెలలు, మాసపత్రికకు మూడు నెలలు ఆగండి. తర్వాత ‘ఈ కవితను వెనక్కి తీసుకుంటున్నాను’ అని ఒక్క లైను రాసి మరోచోటికి పంపండి. ఆ లైను మరిచిపోవడం వల్లే ఒకే కవిత ఒకే వారం రెండు పేజీల్లో కనిపిస్తుంది. ఇద్దరు సంపాదకులూ గుర్తుపెట్టుకుంటారు, మంచి కారణానికి కాదు.

ఫేస్‌బుక్‌లో పెట్టిన కవిత ప్రచురితమైనట్టేనా?

చాలా పత్రికలు, దాదాపు అన్ని పోటీలూ అలాగే లెక్కేస్తాయి. 2012లో మొదలైన కవిసంగమం లాంటి గ్రూపులు ఎంతోమంది కొత్త కవులకు తొలి పాఠకులను ఇచ్చాయి. అక్కడి చర్చ విలువైనదే. కానీ పత్రికకు పంపాలనుకున్న కవితను ముందు గోడమీద పెట్టి తర్వాత తీసేస్తే సరిపోదు. ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. ముందు పత్రిక, ఆ తర్వాత ఫేస్‌బుక్ అనే వరస పెట్టుకోండి. పుస్తకంలో చేర్చడానికి మాత్రం ఏదీ అడ్డు కాదు.

పారితోషికం ఉంటుందా?

చాలాచోట్ల ఉండదు. ఇచ్చేచోట కూడా కవితకు ఇచ్చేది నామమాత్రం.

సంపుటి వేయడానికి ఎన్ని కవితలు కావాలి?

యాభై, అరవై కవితలతో 96 నుంచి 128 పేజీల పుస్తకం వస్తుంది. ఇంతకు మించితే పుస్తకం బరువెక్కుతుంది, కవిత్వం పలచబడుతుంది. ఉన్నవన్నీ వేయడం కన్నా మూడో వంతు తీసేసి వేయడం మేలు. తీసేయాల్సినవి ఏవో మీకు తెలియకపోతే, మిమ్మల్ని మెచ్చుకోని ఇద్దరు పాఠకులకు రాతప్రతి ఇచ్చి, ‘ఏ ఇరవై వద్దు’ అని మాత్రమే అడగండి. ‘ఎలా ఉన్నాయి’ అని అడిగితే ‘బాగున్నాయి’ అన్న జవాబే వస్తుంది.

ముందుమాటల సంగతీ ఇక్కడే చెప్పాలి. మన పుస్తకాల్లో మూడు ముందుమాటలు, ఒక ఆశంస, చివరి అట్ట మీద ఇంకో ఇద్దరి మాటలు మామూలైపోయాయి. పెద్దల చుట్టూ తిరగడంలో ఆరు నెలలు గడుస్తాయి, పాఠకుడు మొదటి కవిత చేరేసరికి ఇరవై పేజీలు దాటాలి. ఒక్కటి చాలు. అడిగేటప్పుడే తేదీ చెప్పండి, ఆ తేదీకి రాకపోతే లేకుండానే అచ్చుకు వెళ్లండి.

అచ్చు విషయంలో ఏమేం చూసుకోవాలి?

ఎక్కువ కవితా సంపుటాలు 1/8 డెమ్మీలో వస్తాయి, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. ఒకేసారి అచ్చయి మడతపడే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు, ఒక ఫారం 16 పేజీలు. 112 పేజీలంటే ఏడు ఫారాలు, 128 అంటే ఎనిమిది. 115 పేజీలకు ఆపితే మిగతా పేజీల కాగితం వృథా అవుతుంది, కాబట్టి పేజీల లెక్క ఫారానికి, కనీసం అరఫారానికి సరిపెట్టండి.

కాగితం మ్యాప్‌లితో అనే రకం, 80 జీఎస్‌ఎంది తీసుకోండి (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క). కథల పుస్తకానికి 70 సరిపోవచ్చు. కవిత పేజీలో ఖాళీ ఎక్కువ, పలచటి కాగితమైతే వెనక పేజీ అక్షరాలు ఆ ఖాళీలోంచి నీడలా కనిపిస్తాయి. అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. 112 పేజీలంటే 56 ఆకులు, వెన్ను సుమారు ఆరు మిల్లీమీటర్లు వస్తుంది. దాని మీద పేరు చదవగలిగేలా పడుతుంది. 64 పేజీల పుస్తకానికి వెన్ను మూడు మిల్లీమీటర్లే. దానికి గమ్ బైండింగ్ చేయిస్తే ఆకులు ఊడతాయి, మధ్యలో పిన్ను కొట్టించడమే నయం.

అక్షరం 12 పాయింట్లయితే లైన్ల మధ్య దూరం 18కి తగ్గనివ్వకండి. ఇంగ్లిష్ పుస్తకాలకు అలవాటుపడ్డ డిజైనర్ 14 పెడతాడు. అప్పుడు పై లైను వత్తులు కింది లైను గుడులకు, కొమ్ములకు తగులుతాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల కింద ఇది స్పష్టంగా కనిపిస్తుంది. యూనికోడ్ ఫాంటుతో, పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేయిస్తుంటే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోమనండి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి.

డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు పెట్టడంలో, కవిత్వానికి మాత్రమే వచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి. రెండు అంచులూ సమంగా ఉండేలా సర్దితే చిన్న పాదంలో మాటల మధ్య గజం దూరం వస్తుంది. ఎడమ అంచుకే సర్దమనండి. పొడవాటి పాదం పేజీ వెడల్పు దాటి కిందికి విరిగితే, విరిగిన ముక్కను కాస్త లోపలికి జరిపించండి, లేకపోతే అది కొత్త పాదంలా చదువుకుంటారు. పేజీ చివర పాదాల గుంపు ముగిస్తే అక్కడ విరామం ఉందో లేదో పాఠకుడికి తెలియదు. వీలైతే విరామం పేజీ మధ్యలో పడేలా చూడండి. కవిత కొత్త పేజీలో మొదలుకావాలి, రెండు పేజీల కవిత ఎడమ పేజీలో మొదలైతే తిప్పకుండా చదవొచ్చు.

ప్రూఫులు, అంటే తప్పులు దిద్దుకునే నమూనా ప్రతులు, మూడు. మొదటిది రాతప్రతితో పోల్చి. రెండోది, మీరు దిద్దినవి సరిగా పడ్డాయా, దిద్దడం వల్ల పక్క లైన్లు కదిలాయా అని. మూడోది ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్‌ను కాగితం మీద తీయించి. తెర మీద సరిగా ఉన్న వత్తు ప్రింటులో ఎగిరిపోవడం ఈ మూడో దశలోనే దొరుకుతుంది.

ఎన్ని కాపీలంటే, మొదటి సంపుటికి వంద, నూట యాభై డిజిటల్ ప్రింటులో వేసుకోవడం క్షేమం. పేజీలకు ముందు ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే కాబట్టి మూడు వందలు దాటితేనే కాపీ ధర గిట్టుబాటవుతుంది. గ్రంథాలయ సంస్థలు కొంటాయన్న నమ్మకంతో వెయ్యి వేస్తే అట్టపెట్టెలు మంచం కిందే ఉంటాయి.

ఐఎస్‌బీఎన్ తప్పనిసరా? ఎంత అవుతుంది?

పుస్తకాన్ని గుర్తించే ఈ అంతర్జాతీయ సంఖ్య చట్టప్రకారం తప్పనిసరి కాదు. ఆన్‌లైన్ అమ్మకానికి, లైబ్రరీల జాబితాలకు, కొన్ని అవార్డులకు కావాలి. రూపాయి ఖర్చు లేదు. ఢిల్లీలో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ పోర్టల్‌లో రచయితే సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. 13 అంకెల సంఖ్య వస్తుంది. మన దేశానివి 978-81 లేదా 978-93తో మొదలవుతాయి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కు వేరొకటి.

‘ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి’ అనే ప్రింటర్లు చాలావరకు తమ ఖాతాలోని సంఖ్య ఇస్తారు. అప్పుడు రికార్డుల్లో ప్రచురణకర్త వాళ్లవుతారు, మీరు కాదు. దరఖాస్తులో రాసిన పుస్తకం పేరు, ప్రచురణ పేరు ముద్రణ వివరాల పేజీలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. సంఖ్య వచ్చాక పుస్తకం పేరు మార్చుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ముద్రణ వివరాల పేజీలో ఏముండాలి?

పుస్తకం పేరు, ప్రక్రియ, కవి పేరు, కాపీరైటు ఎవరిది, తొలి ముద్రణ నెల, సంవత్సరం, ప్రచురణకర్త చిరునామా, వెల, ఐఎస్‌బీఎన్, అట్ట బొమ్మ వేసినవారి పేరు, ముద్రించిన ప్రెస్సు, ప్రతులు దొరికే చోటు. ఇవి పదకొండు లైన్లు మించవు. ఒకటి లేకపోయినా ఎక్కడో తగులుతుంది. ముఖ్యంగా తొలి ముద్రణ తేదీ: అవార్డుకు అర్హత చూసేది ఆ లైనే. ‘ఉగాది’ అని మాత్రమే వేసి సంవత్సరం వదిలేసిన పుస్తకాలు ఉన్నాయి.

డిసెంబరులో అచ్చయిన పుస్తకానికి జనవరి తేదీ వేసేవాళ్లు అందుకే వేస్తారు. ఒక్క ఏడాది పుస్తకాలనే తీసుకునే అవార్డులకు డిసెంబరు పుస్తకం ఎవరూ చదవకముందే పాతబడుతుంది. అలాంటప్పుడు పుస్తకాన్నే జనవరిలో తెండి. తేదీ ఒకటి, ఆవిష్కరణ ఇంకోటి అయితే అడిగినవాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

పుస్తకం వేశాక ఎవరికైనా పంపాలన్న చట్టం ఉందా?

ఉంది, పాటించేవాళ్లు తక్కువ. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ ఆ మూడు. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే. పంపకపోతే జరిమానా యాభై రూపాయల దాకా, పైన పుస్తకం వెల. జరిమానాకు భయపడి కాదు గానీ, మీ ఇంట్లో ఆఖరి కాపీ పోయాక కూడా కన్నెమరాలో ఒకటి ఉంటుంది. నాలుగు ప్రతులు పక్కన పెట్టండి.

వెల ఎంత పెట్టాలి? అమ్మేదెలా?

పుస్తకాల షాపులు వెలలో మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకుంటాయి, అదీ అమ్ముడయ్యాకే లెక్క. కాపీకి 70 రూపాయలు పడితే 100 పెట్టడం నష్టం. 150 అయితే కొంత నిలుస్తుంది. అచ్చు పుస్తకం మీద జీఎస్‌టీ లేదు. షాపులో ఇచ్చిన కాపీలకు రసీదు రాయించుకోండి, ఆరు నెలలకోసారి లెక్క అడగండి. డిసెంబరు హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం కవిత్వం చేతికి చేతికి అమ్ముడయ్యే రోజులు. సొంత స్టాలు అక్కర్లేదు, కవిత్వం పెట్టే స్టాల్ ఒకదానిలో పది కాపీలు ఉంచితే చాలు.

పోస్టులో పెద్ద మార్పు వచ్చింది. చౌకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఆపేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. 112 పేజీల డెమ్మీ పుస్తకం 160 గ్రాముల దగ్గర తూగుతుంది కాబట్టి కవరుతో కలిపి మొదటి శ్లాబులోనే పోతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుడి పేరు ఉండాలి. ప్రకటనలున్నవి, పత్రికలు దీనిలో పంపకూడదు. కౌంటర్లో జ్ఞాన్ పోస్ట్ అని నోరు తెరిచి అడగండి, లేకపోతే మామూలు పార్సిల్ ధర కడతారు.

ప్రచురణకర్త వేస్తానంటే ఒప్పందం కావాలా?

కాగితం మీద కావాలి. కాపీరైటు చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కులు రాసిచ్చినప్పుడు కాలం చెప్పకపోతే ఐదేళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశమని అర్థం. ఎన్ని కాపీలు, రాయల్టీ ఎంత, ఈ-బుక్, ఆడియో, అనువాద హక్కులు ఎవరివి, అచ్చు అయిపోయాక హక్కులు ఎప్పుడు తిరిగొస్తాయి, ఇవి రాయించుకోండి. మీ డబ్బుతో మీ పుస్తకం వేసి హక్కులు కూడా రాయించుకునేవాళ్లతో జాగ్రత్త.

సాహిత్య అకాడెమీ అవార్డు లెక్క ఎలా ఉంటుంది?

అవార్డు సంవత్సరానికి ముందటి సంవత్సరాన్ని వదిలేసి, దాని వెనకటి ఐదేళ్లలో తొలిసారి వచ్చిన పుస్తకాలను చూస్తారు. 2023 అవార్డుకు 2017 నుంచి 2021 దాకా వచ్చినవి. అంటే 2025లో వేసిన పుస్తకానికి 2027 నుంచి 2031 దాకా ఐదు అవకాశాలు. రెండో ముద్రణతో లెక్క మళ్లీ మొదలవదు. నగదు లక్ష రూపాయలు. ప్రక్రియలన్నీ కలిపి భాషకు ఒకటే కాబట్టి కవిత్వం కథతో, నవలతో, విమర్శతో పోటీపడాలి. తెలుగులో 2016లో పాపినేని శివశంకర్, 2017లో దేవిప్రియ, 2020లో నిఖిలేశ్వర్, 2021లో గోరటి వెంకన్న కవిత్వానికి అందుకున్నారు. ఆ తర్వాత 2022లో నవలకు, 2023లో కథలకు, 2024లో విమర్శకు వెళ్లింది. గోరటి వెంకన్న పాటల పుస్తకం ‘వల్లంకి తాళం’కు రావడంతో పాట కవిత్వమా కాదా అన్న పాత వాదన అధికారికంగానైనా తీరింది.

2011లో పెట్టిన యువ పురస్కారం కొత్తవాళ్లకు దగ్గరి మెట్టు. అవార్డు ఏడాది జనవరి 1 నాటికి 35 ఏళ్లు దాటకూడదు. నగదు 50 వేలు. 2017లో మెర్సీ మార్గరెట్, 2018లో బాల సుధాకర్ మౌళి, 2021లో తగుళ్ల గోపాల్, 2022లో పల్లిపట్టు నాగరాజు, నలుగురూ కవిత్వానికే. దీనికి అకాడెమీ ప్రకటన ఇచ్చి పుస్తకాలు అడుగుతుంది. వయసు రుజువు జతచేయకపోవడం, గడువు రోజున పోస్టు చేయడం అనే రెండు కారణాలతోనే పుస్తకాలు పక్కకు పోతాయి. గడువంటే చేరాల్సిన తేదీ.

మిగతా అవార్డులు?

తెలంగాణ ప్రభుత్వం కాళోజీ జయంతి సెప్టెంబరు 9న 1,01,116 రూపాయలతో కాళోజీ పురస్కారం ఇస్తుంది, దానికి ఒక పుస్తకం చాలదు, జీవితకాల కృషి చూస్తారు. ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం ప్రక్రియలవారీగా సాహితీ పురస్కారాలు ఇస్తుంది. ఫ్రీవర్స్ ఫ్రంట్, ఉమ్మడిశెట్టి, రంజని-కుందుర్తి, ఎక్స్‌రే అవార్డుల పేర్లు కవుల మధ్య ఎప్పుడూ వినిపిస్తాయి. కొన్ని సంపుటికి, కొన్ని విడి కవితకు. సాధారణంగా మూడు నాలుగు ప్రతులు అడుగుతారు, తిరిగి పంపరు. కాబట్టి అచ్చువేసిన రోజే ఇరవై ఐదు ప్రతులు అవార్డులకు, పదిహేను సమీక్షలకు తీసిపెట్టుకోండి.

ఫీజు కట్టమనే అవార్డులు, సంకలనాలు నమ్మొచ్చా?

రిజిస్ట్రేషన్ ఫీజు, శాలువా ఖర్చు, ‘కనీసం పది కాపీలు కొనాలి’ అన్న షరతు కనిపిస్తే అది అవార్డు కాదు, అమ్మకం. వెయ్యిమంది కవులతో రికార్డు పెట్టే సమ్మేళనాలూ అంతే. సర్టిఫికెట్టు వస్తుంది, కవిత ఎవరూ వినరు. సహకార పద్ధతిలో మిత్రులు తలా కొంత వేసుకుని తెచ్చే సంకలనం వేరు, దానిలో సంపాదకుడు కవితలు కాదనగలగాలి. అందరివీ తీసుకున్నారంటే ఎంపిక లేదని అర్థం.

ఆవిష్కరణ సభ ఎలా పెట్టుకోవాలి?

హైదరాబాద్‌లో లామకాన్, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, త్యాగరాయ గానసభ, రవీంద్రభారతి చిన్న హాలు, విశాఖలో పౌర గ్రంథాలయం అలవాటైన చోట్లు. శని, ఆదివారాల సాయంత్రాలు నెలల ముందే నిండిపోతాయి. హాలు ఖరారయ్యాకే ఆహ్వానపత్రం.

సభాధ్యక్షులు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు ఏడుగురు, తొలిప్రతి స్వీకర్త. ఇలా పన్నెండు పేర్లు వేస్తే ఒక్కొక్కరు పదిహేను నిమిషాలు మాట్లాడినా మూడు గంటలు. కవి స్పందన వేళకు కుర్చీలు ఖాళీ. తొంభై నిమిషాల సభకు ముగ్గురు వక్తలు చాలు, తలా పన్నెండు నిమిషాలు, పుస్తకం పక్షం రోజుల ముందే వాళ్ల చేతిలో ఉండాలి. మొదటి వక్త కన్నా ముందే కవి నాలుగు కవితలు చదవాలి. అమ్మకం బల్ల గుమ్మం పక్కన, క్యూఆర్ కోడుతో, చిల్లరతో. పత్రికల ‘కార్యక్రమాలు’ శీర్షికకు వారం ముందు యాభై మాటల్లో తేదీ, సమయం, చోటు, పేర్లు పంపండి.

రేడియో, ఉగాది కవి సమ్మేళనాల్లో చోటు ఎలా దొరుకుతుంది?

ఆకాశవాణి కేంద్రాలు ఉగాదికి సమ్మేళనం పెడతాయి, పిలుపు వాళ్ల నుంచే వస్తుంది. మీ దగ్గరి కేంద్రం తెలుగు ప్రసంగాల విభాగానికి పుస్తకం, పరిచయం ఇచ్చి ఉంచండి. 1956లో మొదలైన సర్వభాషా కవి సమ్మేళనం ఏటా జనవరి 25 రాత్రి ప్రసారమవుతుంది. ఎంపికైన కవితలు ఇతర భాషల్లోకి అనువాదమవుతాయి.

ఏ సమ్మేళనంలోనైనా మూడు నిమిషాలిస్తే రెండున్నరకు సరిపడే కవిత తీసుకెళ్లండి. ముప్ఫై పాదాలు దాటకూడదు.

ఇంగ్లిష్‌లోకి వెళ్లాలంటే?

సాహిత్య అకాడెమీ రెండు నెలలకోసారి తెచ్చే ఇండియన్ లిటరేచర్, 2005 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడిచే మ్యూజ్ ఇండియా తెలుగు అనువాదాలు వేస్తాయి. అనువాదకులకు మీ సంతకంతో అనుమతి పత్రం ఇవ్వండి, కవితల పేర్లు రాసి. ‘నా కవితలన్నీ’ అని రాసివ్వకండి.

నా కవితను ఎవరో తమ పేరుతో పెట్టుకున్నారు. ఏం చేయాలి?

కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది, నమోదు తప్పనిసరి కాదు. జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు. ముందుగా ఆ పోస్టు లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత మీ తొలి ప్రచురణ ఆధారంతో వాళ్లకు వ్యక్తిగతంగా రాయండి. చాలావరకు అక్కడే తీసేస్తారు. తీయకపోతే ఫేస్‌బుక్ కాపీరైటు ఫిర్యాదు ఫారం నింపండి. పత్రికలో వస్తే సంపాదకుడికి రెండు ప్రచురణల తేదీలూ పంపి సవరణ వేయమనండి. బహిరంగంగా తిట్టుకోవడం మొదలుపెడితే ఆధారాలు చెరిపేసుకునే సమయం వాళ్లకు ఇచ్చినట్టే.